కౌంటరు వెనక చదువు

చీటీ మీద మందులమ్మే షాపుకు లైసెన్సు రావాలంటే రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి. గోడకు ఫ్రేము కట్టి వేలాడదీసేది ఆయన సర్టిఫికెట్టే. కానీ చీటీ అందుకునేది, ర్యాకులోంచి షీటు తీసేది, కత్తెరతో ఆరు బిళ్ళలు కత్తిరించి కవర్లో వేసేది, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చెప్పేది చాలా షాపుల్లో ఇంకొకరు. ఆ మనిషిని సేల్స్‌మన్ అంటారు, హెల్పర్ అంటారు, షాపు కుర్రాడంటారు. ఈ మధ్య ఆడపిల్లలూ ఎక్కువగానే వస్తున్నారు. వీళ్ళకు చదువు ఎక్కడ దొరకాలి? పుస్తకాలు ఇంటికి పంపి, ఫోన్లో పాఠాలు చెప్పి ఫార్మసీ అసిస్టెంటుగా తయారు చేస్తామనే కోర్సులు ఉన్నాయి. ఆ చదువు కావాలనేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయితే వద్దనేవాళ్ళ మాటలో ఉన్న బలాన్ని తేల్చకుండా కావాలనడం న్యాయం కాదు. అందుకే ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకాయన గుంటూరు కొత్తపేటలో, నాలుగడుగులకో ఆసుపత్రి ఉన్న చోట, షాపు నడుపుతున్న ఫార్మసిస్టు. రెండో మనిషి ఆయన మేనకోడలు. ఇంటర్ బైపీసీ చదివింది, పెళ్ళయింది, చంటిపిల్లను తల్లి దగ్గర వదిలి ఆయన షాపులోనే పనిచేస్తోంది.

మావయ్య: ఫీజు కట్టేశావా?

మేనకోడలు: లేదు మావయ్యా. మీకు చెప్పాకే కడదామని ఆగాను.

మావయ్య: మంచి పని చేశావు, ఆ డబ్బులు దాచుకో. పుస్తకం ఇంటికి తెప్పించుకుని నేర్చుకునే పని కాదమ్మా ఇది. నేను 1991 నాటి నియమాల కింద డీఫార్మసీ చేశాను. రెండేళ్ళు కాలేజీ. అదయ్యాక మూడు నెలలకు తగ్గకుండా 500 గంటల ట్రైనింగు, అందులో కనీసం 250 గంటలు చీటీలు చూసి మందులివ్వడమే. ఇప్పుడు కొత్త నియమాలొచ్చినా ఆ 500 గంటలు అలాగే ఉన్నాయి. అన్ని గంటలు ఎందుకు పెట్టారంటావు? మనిషి ఎదురుగా నిలబడి ఉంటే తప్ప రాని విద్య కాబట్టి.

మేనకోడలు: అది ఫార్మసిస్టు అయ్యేవాళ్ళకు కదా. నేను చేరేది అసిస్టెంటు కోర్సులో.

మావయ్య: మోసం అక్కడే ఉంది. డాక్టరు చీటీ మీద మందు తయారుచేసినా, కలిపినా, ఇచ్చినా రిజిస్టర్డ్ ఫార్మసిస్టే చెయ్యాలంటుంది 1948 ఫార్మసీ చట్టం, 42వ సెక్షన్. అసిస్టెంటు అనే మెట్టే ఆ చట్టంలో లేదు. పోనీ ఫార్మసీ చదువే దూరవిద్యలో చేద్దామంటే, యూజీసీ 2020 నియమాల్లో మెడిసిన్, నర్సింగులతో పాటు ఫార్మసీని కూడా దూరవిద్యకు కుదరదని తేల్చేసింది. మరి నీకిచ్చే ఆ కాగితం ఏ గోడకు కొట్టుకుంటావు?

మేనకోడలు: గోడకు కొట్టడానికి కాదు. ఈ కోర్సు అయితే సొంత షాపు పెట్టుకోవచ్చని రాసినవాళ్ళను నేను ముందే పక్కన పెట్టాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఫార్మసీ అసిస్టెంటు అని ఆరోగ్య రంగం నైపుణ్య మండలి వాళ్ళు ఒక అర్హత తయారు చేశారు. అది పనికి సంబంధించిన అర్హత, రిజిస్ట్రేషను కాదు. నాకు కావలసిందీ అంతే. చట్టం దృష్టిలో మందిచ్చే చెయ్యి మీది. నిజానికి ఇస్తున్న చెయ్యి నాది. ఆ చేతికి చదువు లేకపోతే మీకు మాత్రం నిద్ర ఎలా పడుతుంది?

మావయ్య: నేను నేర్పుతున్నానుగా. ర్యాకులు తెలిశాయి. చీటీలో బీడీ అంటే రోజుకు రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్‌ఎస్ అంటే పడుకోబోయే ముందు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. ఇవన్నీ ఏ కోర్సులో నేర్చుకున్నావు? ఈ కౌంటరు దగ్గరే కదా?

మేనకోడలు: ఇక్కడే. కాదనను. కౌంటరు నాకు ఏది చెయ్యాలో నేర్పింది, ఎందుకో నేర్పలేదు. ఇన్సులిన్ సంగతే చూడండి. సీసాకు ఎర్ర మూత సిరంజి ఇవ్వాలని మొదటి వారంలోనే చెప్పారు. మొన్న ఎర్ర మూతవి అయిపోతే మన కుర్రాడు నారింజ మూతవి తీసి కవర్లో వేశాడు. నేను ఆపితే, "సిరంజే కదక్కా, మూత రంగుకు ఏముంది?" అన్నాడు. ఏముందో నాకు మాత్రం తెలుసా? ఆ కోర్సువాళ్ళు నమూనాకు పంపిన పాఠం చదివాకే తెలిసింది.

మావయ్య: ఏం రాశారేంటి?

మేనకోడలు: మనమిచ్చే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. ఎర్ర మూత సిరంజి గీతలు ఆ లెక్కకు గీసినవి. నారింజ మూతది మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందు కోసం చేసినది. డాక్టరు 20 యూనిట్లు రాశాడనుకోండి. నారింజ మూత సిరంజితో ఈ సీసాలోంచి 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. ఆయన రోజూ సూది వేసుకుంటూనే ఉంటాడు, షుగరు తగ్గదు, డాక్టరు డోసు పెంచుతాడు. తిరగేస్తే ఇంకా ఘోరం. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పడతాయి. షుగరు పడిపోయి మనిషి పోవచ్చు. ఈ లెక్క పెన్నూ కాగితం పట్టుకుని, పిల్ల పడుకున్నాక, రెండుసార్లు వేసుకుంటే గానీ నా బుర్రకెక్కలేదు. సాయంత్రం ఏడింటికి, కౌంటరు ముందు పదిమంది చేతులు చాపి నిలబడినప్పుడు మీరు నాకిది చెప్పగలరా?

మావయ్య: అడిగితే చెప్పేవాణ్ణే.

మేనకోడలు: అడగాలంటే అక్కడొక ప్రశ్న ఉందని తెలియాలి కదా మావయ్యా.

మావయ్య: సరే, లెక్కలు పుస్తకంలో వస్తాయి. మనుషులు రారు. మెథోట్రెక్సేట్ తెలుసుగా, కీళ్ళవాతానికి రాస్తారు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. వినుకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చీటీలో వారానికోసారి అని డాక్టరు స్పష్టంగా రాశాడు. మందిచ్చి, "అర్థమైందా?" అంటే తలూపాడు. మన పల్లెటూరి పెద్దలు తెల్లకోటు ముందైనా, కౌంటరు ముందైనా తలూపుతారు, అది మర్యాద. నాకెందుకో అనుమానమొచ్చి, "ఏ రోజు వేసుకుంటావు తాతా?" అన్నాను. "రోజూ పొద్దున్నే, కాఫీ తాగాక" అన్నాడు. రోజూ వేసుకుంటే నోరంతా పుళ్ళు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణమే పోతుంది. కవరు మీద పెద్ద అక్షరాలతో ఆదివారం అని రాసి, పక్కనున్న మనవడి చేత పైకి చదివించి పంపాను. అర్థమైందా అని అడక్కూడదు, ఎలా వేసుకుంటావో నువ్వే చెప్పు అని అడగాలి. ఇది ఏ పాఠంలో ఉంది?

మేనకోడలు: ఇదొక్కటీ మీ దగ్గరే నేర్చుకోవాలి, ఒప్పుకుంటున్నా. కానీ ఆ రోజు మీ స్థానంలో నేనుంటే ఏమయ్యేది? అది వారానికోసారి వేసుకునే మందని నాకు తెలియదు. తెలియనిదానికి అనుమానం ఎలా వస్తుంది? చీటీ గొలుసు రాతలో ఉండి, ఆ మాట నేను రోజుకోసారి అని చదివి ఉంటే? మీ అనుమానం వెనక రెండేళ్ళ కాలేజీ ఉంది. దాంట్లో నాలుగోవంతైనా నాకు ఇంట్లో కూర్చుని సంపాదించుకోనివ్వండి.

మావయ్య: నా భయం వేరేనమ్మా. ఏమీ తెలియని కుర్రాడు చీటీలో ఉన్నది ఇస్తాడు, తెలియకపోతే నన్ను పిలుస్తాడు. కాస్త చదివినవాడు పిలవడు. నాలుగు మందుల పేర్లు, నాలుగు జబ్బుల పేర్లు వచ్చాయంటే వాడే డాక్టరు. "జ్వరమా? ఈ యాంటీబయోటిక్ మూడు రోజులు వాడు. గొంతునొప్పా? ఇదిగో." కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూలు హెచ్ మందుల షీటు మీద ఎర్ర గీత ఎందుకు వేస్తున్నారు? డాక్టరు చీటీ లేకుండా యాంటీబయోటిక్ వాడొద్దని 2016లో కేంద్రమే ఆ గీత చూపించి జనానికి ప్రచారం చేసింది. ఆ గీతను దాటించేది ఈ అరకొర చదువే.

మేనకోడలు: మావయ్యా, ఇవాళ మన వీధిలో ఆ గీత దాటి యాంటీబయోటిక్ ఇస్తున్నవాళ్ళలో ఒక్కడైనా ఏదైనా కోర్సు చేశాడా? వాళ్ళంతా ఎక్కడ నేర్చుకున్నారు? కౌంటరు దగ్గర, పెద్దవాళ్ళు ఇస్తుంటే చూసి. మీరు వద్దంటున్న పుస్తకంలో ఆ ఎర్ర గీత గురించి ఒక పాఠమే ఉంది. మీరు నేర్పుతానంటున్న కౌంటరు మీదే గీత దాటడం జరుగుతోంది.

ఈ మాటకు ఆయన దగ్గర వెంటనే జవాబు లేదు, నా దగ్గరా లేదు. అరకొర చదువు ప్రమాదమన్నది మన ఇళ్ళలో బాగా నాటుకున్న భయం. వైద్యం విషయంలో ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. కానీ మందుల షాపుల్లో జబ్బు పేరు చెబితే మందిచ్చే అలవాటు పుస్తకాల వల్ల వచ్చింది కాదు. బేరం పోతుందన్న ఆత్రం, అడిగే నాథుడు లేకపోవడం, కౌంటరు మీద చూసిచూసి నేర్చిన ధీమా, ఈ మూడూ కలిసి పెంచిన అలవాటది. చదువు నిజంగా ఎక్కితే మొదట వచ్చేది చెయ్యి ఆపుకోవడం. ఉదాహరణకు పారాసిటమాల్. జలుబు బిళ్ళలో అది ఉంటుంది, ఒళ్ళునొప్పుల బిళ్ళలో ఉంటుంది, జ్వరం బిళ్ళ సరేసరి. మూడు రంగుల షీట్లు, మూడు పేర్లు, లోపల ఒకటే మందు. పెద్దవాళ్ళకైనా రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. 650 మిల్లీగ్రాముల జ్వరం బిళ్ళలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములు అయిపోతుంది. షీటు వెనక చిన్న అక్షరాలు చదవడం వచ్చినవాళ్ళే మూడోది ఇవ్వకుండా ఆగగలరు. ఆ చదవడం నేర్పేది ఇంట్లోనైతే ఏం, కాలేజీలోనైతే ఏం?

మావయ్య: సరే, వీధి సంగతి వదిలెయ్. నీకు బైపీసీ ఉంది. డీఫార్మసీలో చేరు, రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే అయిపోతుంది. రిజిస్ట్రేషను వస్తుంది. రేపు ఈ షాపే నీ పేరు మీద పెడతాను. ఈ దొడ్డిదారి దేనికి?

మేనకోడలు: పిల్లను ఎవరు చూస్తారు? మీ జీతం ఆగితే ఇల్లెలా గడుస్తుంది? పొద్దున తొమ్మిదింటికి కాలేజీకి వెళ్ళగలిగితే మీ దగ్గరికి ఎందుకొచ్చేదాన్ని? పిల్ల బడికి వెళ్ళాక డీఫార్మసీ తప్పకుండా చేస్తాను. అప్పటిదాకా మందులు ఇస్తూనే ఉంటానుగా. ఈ మూడేళ్ళూ నా చేతి మీదుగా వెళ్ళేవాళ్ళ మాటేమిటి? దొడ్డిదారి అన్నారు గనక అడుగుతున్నా, 1948లో చట్టం వచ్చినప్పుడు మొదటి రిజిస్టరులో ఎవరిని చేర్చుకున్నారు?

మావయ్య: ఆ సంగతి నీకెక్కడ తెలిసింది?

మేనకోడలు: అదీ ఆ పాఠాల్లోనే. ఆసుపత్రిలోనో, డిస్పెన్సరీలోనో, చీటీల మీద మందులిచ్చే ఇంకో చోటో ఐదేళ్ళకు తగ్గకుండా మందులు కలిపినవాళ్ళను డిగ్రీ లేకపోయినా చేర్చుకున్నారు. చేత్తో నేర్చిన విద్యను చట్టం ఒకప్పుడు గౌరవించింది.

మావయ్య: గౌరవించి, ఆ తలుపు మూసేసింది. అప్పటికి ఉన్నవాళ్ళ పొట్ట కొట్టకూడదని ఒక్కసారి తెరిచిన తలుపది. ఎప్పటికీ తెరిచి ఉంచాల్సిందే అయితే కాలేజీలు ఎందుకు? అప్పుడు మందులు కలిపేవాళ్ళు, సీసాకు కాగితం అంటించి డోసు గీతలు కత్తిరించేవాళ్ళు. ఇప్పుడు ర్యాకులో వేల పేర్లున్నాయి. క్లోనజిపామ్, క్లోనిడిన్ పక్కపక్కన పెట్టు, ఒకటి మూర్ఛకూ ఆందోళనకూ, ఒకటి బీపీకి. హైడ్రాక్సిజిన్ దురదకు, హైడ్రాలజిన్ బీపీకి. రాత అర్థం కాని చీటీతో ఈ పేర్ల మధ్య నిలబడాలి. అప్పటి అనుభవం ఇప్పుడు చాలదు.

మేనకోడలు: చాలదనే నేనూ అంటున్నాను! అనుభవం చాలదు గనకే చదువు అడుగుతున్నాను. మీరు నా వాదనే చేస్తున్నారు. బ్రిటన్‌లో మందుల షాపు కౌంటరు మీద పనిచేసేవాళ్ళు చేరిన మూడు నెలల్లోపు కోర్సులో నమోదు కావాలి. ఆ కోర్సులు చాలావరకు ఇంట్లో చదువుకునేవే. షాపులోని ఫార్మసిస్టే వాళ్ళకు గురువు. మనవాళ్ళ పిల్లలు అక్కడ చదువుకోడానికి వెళ్ళి, ఖాళీ వేళల్లో అలాంటి షాపుల్లో పనిచేస్తున్నారు. జలుబు మందు అడిగినా ఐదు ప్రశ్నలు వేశాకే ఇవ్వాలి. ఎవరికి? ఏం బాధ? ఎన్నాళ్ళ నుంచి? ఇప్పటికే ఏం వాడారు? వేరే మందులేమైనా వేసుకుంటున్నారా? ఐదో ప్రశ్న మన కౌంటరు మీద ఎవరైనా అడగడం మీరు విన్నారా?

మావయ్య: వినలేదు. కానీ నువ్వే అన్నావుగా, షాపులోని ఫార్మసిస్టే గురువని. అక్కడ ఫార్మసిస్టు షాపులో ఉంటాడు. ఇక్కడ మాటవరసకు పది షాపులు చూడు, ఎన్నిట్లో మనిషి ఉన్నాడు, ఎన్నిట్లో సర్టిఫికెట్టు మాత్రమే ఉంది? కాగితం అద్దెకిచ్చి ఇంకో ఊళ్ళో ఇంకో ఉద్యోగం చేసుకునేవాళ్ళు మా వాళ్ళలోనే ఉన్నారు. చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. అలాంటి యజమానులకు నీ కోర్సు ఏం చేస్తుందో తెలుసా? ధైర్యమిస్తుంది. "కోర్సు చేసిన అమ్మాయి ఉంది, ఫార్మసిస్టుతో పనేముంది?" అంటారు. ఫార్మసిస్టుకు ఇచ్చే జీతంలో సగానికి నిన్ను నిలబెడతారు. కేసైతే బోనులో నిలబడేది నువ్వు. నా అభ్యంతరంలో అసలు ముక్క ఇదే. నువ్వు చదవకూడదని కాదు. నీ చదువు అడ్డం పెట్టుకుని ఫార్మసిస్టును బయటికి పంపుతారని.

మేనకోడలు: ఈ మాటకు నేను ఎదురు చెప్పను మావయ్యా. ఇలా జరుగుతుంది. అయితే దానికి విరుగుడు నన్ను చదవనివ్వకపోవడమా? సెఫిక్సిమ్, ట్రమడాల్, ఆల్ప్రజోలం లాంటివి షెడ్యూలు హెచ్1 అని, రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చామో విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలని 2014 నుంచి నియమం. తెలిసిన పిల్ల అయితే యజమానిని రిజిస్టరు ఏదని అడుగుతుంది. తెలియని పిల్ల చెప్పింది చేస్తుంది. అలాంటి యజమానికి ఎవరు కావాలంటారు?

మావయ్య: ...తెలియని పిల్లే.

మేనకోడలు: ఇంకొకటి. కోపం తెచ్చుకోకండి. చీటీలో రాసిన కంపెనీది లేకపోతే మనం "అదే మందమ్మా, కంపెనీ వేరు" అని ఇస్తున్నాం. షెడ్యూలు హెచ్ మందుకు బదులు ఇంకొకటి, లోపల అదే మందున్నా సరే, ఇవ్వకూడదని మందుల నియమాల్లో 65వ రూలులో ఉంది.

మావయ్య: ఉంది. రోజూ ఇస్తున్నాం, అదీ నిజమే. చీటీ మార్చి రాయమందామని పక్క ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేస్తే ఎత్తడు, పేషెంటుకు బస్సు టైమవుతుంది. పేదవాళ్ళకు తక్కువ రేటుది ఇస్తే తప్పేంటని నా మనసు చెబుతుంది, రూలు ఇంకోటి చెబుతుంది. ఈ చిక్కు నీ పుస్తకం విప్పదు.

మేనకోడలు: విప్పదు. కనీసం చిక్కుందని చెబుతుంది. నేనిన్నాళ్ళూ అది మామూలే అనుకున్నాను.

మావయ్య: సరే, చదువు. కానీ నా మాట విను. ఆ పుస్తకం షాపుకు తీసుకురా. ఏ పాఠం చదివితే ఆ పాఠంలో మందులు ర్యాకులోంచి తీసి, షీటు మీద ఎక్స్‌పైరీ, బ్యాచి నంబరు, ఎర్ర గీత చూపిస్తాను. షీటు కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ అచ్చు ఉన్న వైపు మన దగ్గరే ఉంచాలని, తీసుకెళ్ళేవాళ్ళకు ఆ తేదీ కవరు మీద రాసివ్వాలని ఎందుకంటానో అప్పుడు తెలుస్తుంది. ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో పొద్దునా సాయంత్రం చూసి రాసే పని నీదే. ఇక చీటీ ఏదైనా నాకు చూపించకుండా కవర్లో పడకూడదు. కోర్సు అయ్యాక కూడా.

మేనకోడలు: మొదటి రెండూ సంతోషంగా చేస్తాను. మూడోది నావల్ల కాదు.

మావయ్య: ఏం? అప్పుడే తెలివి ఎక్కువైందా?

మేనకోడలు: మీరు షాపులో లేనప్పుడు ఎవరికి చూపించను? మధ్యాహ్నం రెండింటికి ఇంటికెళ్ళి, భోంచేసి, కాసేపు నడుం వాల్చి నాలుగింటికి వస్తారు. పల్నాడు నుంచి వచ్చినవాళ్ళు డాక్టరుకు చూపించుకుని బయటపడేది ఆ టైముకే. మాచర్ల బస్సు పట్టుకోవాలని తొందరలో ఉంటారు. ఆ రెండు గంటలూ ఈ కౌంటరు మీద నేనూ, ఆ కుర్రాడే. చట్టం అడిగేది మీ పర్యవేక్షణ. కోర్సు చేసినా నేను మీకు బదులు కాను. ఆ మాట మీరే అన్నారు ఇందాక.

మావయ్య: ఆ టైములో చీటీ మందులు ఇవ్వొద్దు. ఆగమను.

మేనకోడలు: ఆగరు. పక్క షాపుకెళ్తారు. పక్క షాపులో ఫార్మసిస్టు ఉన్నాడా?

మావయ్య: లేడు. కాగితమే ఉంది.

మేనకోడలు: మరి ఆ వెళ్ళినవాళ్ళలో మెథోట్రెక్సేట్ చీటీ ఒకటి ఉంటే?

మావయ్య: అత్తయ్యకు ఫోన్ చెయ్యి. రేపటి నుంచి నా క్యారేజీ షాపుకే పంపమను. లోపల గోడౌన్లో కుర్చీ వేసుకుని తింటాను, చీటీ వస్తే పిలువు. ఇంతకీ ఫీజు ఎప్పటిలోగా కట్టాలి?

మేనకోడలు: శుక్రవారంలోగా. జీతం సంగతి కూడా మాట్లాడాలి మావయ్యా, కోర్సు అయ్యాక ఎంతిస్తారని.

మావయ్య: అది అయ్యాక కాదు, ఇప్పుడే మాట్లాడదాం. కూర్చో.